ఒకనాటి బౌద్ధక్షేత్రయాత్ర ప్రయోజనకరమగునా?

చలికాలము రాగానే పాఠశాలలయందు విహారయాత్రల మాట బయలుదేరును. మన రొంపిచెర్ల ప్రాంతమున తరచుగా వినవచ్చు ప్రతిపాదనము ఒకటి కలదు. తెల్లవారకమునుపే మోటారుబస్సు ఎక్కి, వెంట ఒక గైడును ఉంచుకొని, బౌద్ధుల గుడులన్నియు ఒక్క పగటిలో చూచి, రాత్రి భోజనమువేళకు ఇల్లు చేరుట. ఇందులకు ఒక్కొక్క విద్యార్థి చెల్లింపవలసిన సొమ్ము పట్టణవాసులకు స్వల్పముగా తోచవచ్చును గాని, మిరపకాయల కోతకు పోయి దినకూలి తెచ్చుకొను తల్లికి అది స్వల్పము కాదు. ఇద్దరు ముగ్గురు బిడ్డలు చదువుకొనుచున్న ఇంట ఒకరిని పంపి తక్కినవారిని ఊరడింపవలసి వచ్చును. అట్లు విడువబడువారు చాలవరకు బాలికలే యగుదురు. కావున “అందరును పోవుచున్నారు గదా, మనమును పోవుదము” అను మాట చాలదు. ఆ సొమ్మునకును ఆ దినమునకును తగిన ఫలము కలుగునా యని విచారించి, కలుగుటకు ఏమి చేయవలెనో చెప్పుట ఈ వ్యాసమునందు మా యుద్దేశము.

ముందుగా ఒక మాట సరిచేసికొనవలెను. “బౌద్ధుల గుడులు” అని మనము అలవాటుగా అందుము. గుడి యనగానే మన మనస్సునకు గోపురమును, ధ్వజస్తంభమును, గర్భగృహమును తోచును. అట్టివానిని చూడనెంచి పోయిన బాలుడు మోకాలియెత్తు ఇటుకల వలయమును చూచి “ఇంతేనా?” యని పెదవి విరుచును. ఆ దోషము వానిది కాదు, ముందుగా చెప్పనివారిది. స్తూపమనగా మహనీయుల ధాతువులమీదనో, వారి స్మృతిచిహ్నముగనో ఇటుకలతోను మట్టితోను గుమ్మటమువలె కట్టిన కట్టడము. దాని లోనికి పోవుటకు ద్వారముండదు. దానిచుట్టు ప్రదక్షిణము చేయుదురు. చైత్యమను పేరును తరచుగా దానికే వర్తించును. చైత్యగృహమనగా లోపల స్తూపమో బుద్ధప్రతిమయో కల ఆరాధనశాల. దాని వెనుకటి గోడ ఏనుగు వెన్నువలె గుండ్రముగా తిరిగియుండును. విహారమనగా భిక్షువుల నివాసము: నడుమ మండపము, చుట్టును చిన్న చిన్న గదులు. ఈ నాలుగు మాటలు బస్సు ఎక్కకముందే తెలిసియున్నచో యాత్రలో సగము ఫలము చేతికి వచ్చినట్లే.

ఇక ఎచ్చటికి పోవలెను? ఒకే దినమున అమరావతి, నాగార్జునకొండ, దారిలో మరియొకటి రెండు స్థలములు చూపెదమని చెప్పువారు కలరు. ఆ పద్ధతిని మేము సమ్మతింపము. కృష్ణకు దిగువనొకటి, ఎగువనొకటి ఉన్న స్థలములను ఒక పగటిలో కలుపబూనినచో విద్యార్థి చూచునది బస్సు కిటికీయే.

అమరావతి మిక్కిలి గొప్ప క్షేత్రమే. కాని అచ్చటి స్తూపమునకు పట్టిన గతి తెలిసికొనకుండ పోయినచో నిరాశ తప్పదు. పదునెనిమిదవ శతాబ్ది చివరను వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అచ్చట నూతన పట్టణము కట్టించుచుండగా దీపాలదిన్నెయని పిలువబడుచున్న దిబ్బనుండి జనులు రాళ్లు తీసికొని పోయిరి. 1797లో కర్నల్ మెకంజీ వచ్చి చూచెను. తరువాత మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మొదట మదరాసునకును, అందు పెక్కులు పిమ్మట లండను నగరమునకును పోయినవి. నేడు అమరావతీ స్తూపమును చక్కగా చూడగోరువాడు చెన్నపట్టణమునందలి మ్యూజియమునకును లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకును పోవలెను. మన పలనాటి గోలి గ్రామపు స్తూపశిల్పములును అట్టివే. 1926లో జూవో డుబ్రెయి అను ఫ్రెంచి పండితుడు వానిని కనుగొనెను, 1929లో టి. ఎన్. రామచంద్రన్‌గారు వానినిగూర్చి గ్రంథము వ్రాసిరి. శిల్పములు చెన్నపట్టణము చేరినవి. వేస్సంతర జాతకము చెక్కిన ఆ పలకలు మనకు ఇంత దగ్గర పుట్టినవని మన బాలురలో ఎందరికి తెలియును?

కావున ఒక్క దినమే యున్నప్పుడు నాగార్జునకొండయే తగినదని మా అభిప్రాయము. ఇందులకు కారణము దగ్గరతనము మాత్రమే కాదు.

ఆ లోయ లోకమునకు తెలిసిన విధము పాఠశాలల వారికి ప్రత్యేకముగా ప్రీతికరమైనది. దానిని బయటపెట్టినవాడు రాజు కాడు, సేనాని కాడు. సూరపరాజు వెంకటరామయ్యగారను బడిపంతులు. ఆయన అచ్చట ఒక ప్రాచీనస్తంభమును చూచి మదరాసు ప్రభుత్వమువారికి తెలియజేసిరి. అంతట శాసనశాఖలో తెలుగు సహాయకులుగా నుండిన రంగస్వామి సరస్వతిగారు 1926లో వచ్చి ఆ స్థలముయొక్క ప్రాముఖ్యమును గుర్తించిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టుదొర త్రవ్వకములు జరిపెను. ఇక్ష్వాకురాజుల విజయపురి యిదియే యని శాసనములు పలికినవి. క్రీస్తుశకము మూడవ శతాబ్దినుండి నాలుగవ శతాబ్ది మొదటివరకు ఈ వంశము కృష్ణాతీరమున రాజ్యము చేసెను.

తరువాతి కథ మన ఇంటి కథ. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్లాల్ నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. ఆనకట్ట పూర్తియైనచో లోయయంతయు మునుగును. కావున 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున లోయనంతటిని విస్తారముగా త్రవ్విరి. తొమ్మిది ముఖ్యమైన కట్టడములను విప్పి యెత్తైన చోట్ల మరల నిలిపిరి. మరి పదునాలుగింటికి చిన్న ప్రమాణమున నమూనాలు చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. నాటి కొండ నేడు దీవి. పుల్లారెడ్డిగూడెము మొదలైన లోయలోని ఊళ్లవారు ఇండ్లు వదలి పోయిరి. మన ప్రాంతపు పొలములకు పారుచున్న కుడికాలువ నీరు ఆ విజయపురి వీధులమీద నిలిచిన నీరే. నాగార్జునకొండకు పోవుటలో మనకు గల సంబంధము తక్కిన యాత్రికులకు గల సంబంధమువంటిది కాదని మేము తలంచుటకు ఇది కారణము.

ఇచ్చట ఒక గట్టి యాక్షేపణ పుట్టును. “ఉన్నచోటినుండి తీసి వేరొకచోట మరల కట్టిన గోడలను చూచుటకు ఇంత ప్రయాసమేల? పుస్తకములో పటము చూచిన చాలదా?” యని కొందరు పెద్దలు అడుగుచున్నారు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. స్తూపము తన స్థలమునుండి కదలినప్పుడు పోయినది కొంత కలదు. ఏ విహారమునకు ఏది పొరుగో, నదికి ఏది ఎంత దూరమో, రాజభవనమునుండి భిక్షువుల ఇండ్లకు బాట యెట్లుండెనో దీవిమీద తెలియదు. ఆ లెక్కకు పుస్తకములోని పటమే మేలు. అయినను పటము చూపలేనివి నాలుగైదు కలవు. ఆ నాలుగైదింటికొరకే ప్రయాణము.

అందు మొదటిది మహాచైత్యముయొక్క ఆకారము. స్తూపము పైకి గుమ్మటమే గాని, దాని లోపలి కట్టుబడి బండిచక్రమువలె నున్నది. నడుమ కుండ, దానినుండి వెలువడు ఆకులు, చుట్టును కమ్మీ. ఆకుల నడిమి ఖాళీలలో మన్ను కూరిరి. ఇంత పెద్ద దిబ్బను నిండుగా ఇటుకతో కట్టుటకు కావలసిన వ్యయము ఈ ఉపాయముచేత తగ్గినది, బలమును చెడలేదు. ధర్మచక్రమును పునాదిలో దాచిరని చెప్పువారును కలరు. కట్టుబడివాని లెక్క, భక్తుని భావము రెండును కలిసియుండవచ్చును. దాని వ్యాసము 106 అడుగులు. ఇటుక పొడవు ఇరువది అంగుళములు, వెడల్పు పది, మందము మూడు. నేటి తొమ్మిదంగుళముల ఇటుకలు అయిదు కలిపినచో నాటి ఇటుక ఒకటి యగును. యాత్రకు వారము ముందు పాఠశాల ఆటస్థలమున నడుమ మేకు పాతి, 53 అడుగుల త్రాటితో ముగ్గుపిండి వలయము గీయించి, ఆ గీతవెంట విద్యార్థులను నడిపింపవలెను. లెక్కల ఉపాధ్యాయునకు ఇది యొక పాఠము, దీవిలో చక్రమును చూచినప్పుడు బాలునకు “ఇంతేనా?” యనుటకు మారు వేరొక మాట వచ్చును.

స్తూపమునకు నాలుగు దిక్కుల ఆయకవేదికలును, ఒక్కొక్కదానిమీద ఐదేసి స్తంభములును ఉండెడివి. బుద్ధుని జననము, గృహత్యాగము, సంబోధి, ప్రథమోపదేశము, నిర్వాణము అను ఐదు ఘట్టములకు అవి గుర్తులందురు. ఆ స్తంభములమీది శాసనములవలననే మనకు చరిత్ర తెలిసినది. రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి మహాచైత్యమును వీరపురుషదత్తుని ఆరవ రాజ్యసంవత్సరమున పూర్తి చేయించెను. అన్న యజ్ఞశాలయు, చెల్లెలి స్తూపమును ఒక లోయలో వెలసినవి. బోధిసిరి యను ఉపాసిక రాణి కాదు, సామాన్య గృహస్థురాలు. ఆమె సింహళదేశపు ఆచార్యులకొరకు చైత్యగృహము కట్టించి, వారు కాశ్మీర, గాంధార, చీనా, వంగ, వనవాసి, యవన, ద్రావిడాది దేశములవారికి ప్రసన్నత కలిగించినవారని శాసనము వేయించెను. మన పిల్లలు భూగోళపటములో వ్రేలు పెట్టి చూపు దేశముల పేర్లు, పలనాటి పొరుగున, పదునేడు వందల సంవత్సరములకు పూర్వము ఒక గృహిణి పలికించిన రాతిమీద ఉన్నవి. బాలికలను ఇంట విడిచి పోవుట ఎంత అనుచితమో వేరుగా చెప్పనేల?

రెండవది రాయి. మ్యూజియములోని శిల్పములు పాలవలె తెల్లనివి కావు. లేత ఆకుపచ్చ చాయ కలవి. అది పలనాటి సున్నపురాయి. మాచెర్ల నాపరాళ్లు పరచిన ఇంటిలో పుట్టి పెరిగిన బాలుడు ఆ రాతిని కొత్తగా చూడనక్కరలేదు. వాని యింటి నేల దానికి చుట్టమే. దొరలు దీనిని పాలరాయి యని వ్రాసిరి గాని, ఇది ఉలికి మెత్తగా లొంగు సున్నపురాయి. అందువలననే తలపాగాల మడతలు, స్త్రీల కడియముల వరుసలు, కదలు గుఱ్ఱముల కండలు ఇంత సన్నముగా చెక్కగలిగిరి. కొన్ని పలకలలో బుద్ధుడు మానవరూపమున ఉండును. కొన్నింట ఖాళీ సింహాసనమో, పాదముద్రలో, చక్రమో మాత్రముండును. ఈ భేదము కనిపెట్టుట ఎనిమిదవ తరగతి బాలునకు సాధ్యమే, చూపువాడు ఉండవలెను.

మూడవది ఛాయాస్తంభములు. చనిపోయినవారి జ్ఞాపకార్థము నిలిపిన రాళ్లివి. చాంతమూల మహారాజునకు అట్టి స్తంభము నిలిపినవారిలో తల్లులు, చెల్లెండ్రు, రాణులు కలరు. సేనానులకే గాక పనివాడగు శిల్పికిని స్తంభము నిలిపిరి. పోవుదారిలో కారెంపూడి వీరుల గుడిని చూచి, పలనాటి వీరుల కథను చిన్ననాటినుండి వినిన మనకు, మృతవీరులను రాతియందు నిలుపుట ఈ సీమలో ఎంత పాతయాచారమో అచ్చట తెలియును.

నాలుగవది అనుపు. విజయపురి సౌతునకు సమీపమున నున్న ఈ స్థలమున నాలుగువైపుల మెట్ల వరుసలు గల రంగస్థలమును, విహారమును మరల కట్టిరి. ఇచ్చట లాంచి తొందర లేదు. మెట్లమీద కూర్చుండవచ్చును, నడుమ నిలిచి పద్యము చదువవచ్చును, కొలవవచ్చును. యాత్రలన్నింట అనుపునకు చివరి పావుగంట మాత్రమే విడుచుట మేము ఎరుగుదుము. అది సరియైన పద్ధతి కాదు.

ఇక గైడు విషయము. గైడు లేకున్న రాళ్లు మూగవి. అయినను గైడు పలికినదెల్ల వేదవాక్యము కాదు. మంచి గైడును గుర్తించుటకు మేమొక ప్రశ్న సూచించుచున్నాము: “ఆచార్య నాగార్జునుడు ఇచ్చట నివసించెనా?” ఆయన కూర్చున్న చోటు ఇది, పాఠము చెప్పిన చోటు ఇది యని వ్రేలు చూపి చెప్పువానిని అంతగా నమ్మరాదు. ఇక్ష్వాకుల శాసనములలో ఈ నగరమునకు విజయపురి యనియు, కొండకు శ్రీపర్వతమనియు పేళ్లున్నవి. నాగార్జునుని పేరు లేదు. నాగార్జునకొండ యను పేరు తరువాతి కాలమున వచ్చినది. నాగార్జునుడు శ్రీపర్వతమున నుండెనని టిబెట్టు దేశపు బౌద్ధుల ఐతిహ్యము చెప్పుచున్నది. జగ్గయ్యపేటలో దొరకిన ఒక బుద్ధవిగ్రహముమీద నాగార్జునాచార్యుని ప్రశిష్యుడగు చంద్రప్రభుని పేరు కలదు. ఇది శాసనము, ఇది ఐతిహ్యము అని వేరుచేసి చెప్పగల గైడునకు ఇచ్చు రుసుము వ్యర్థము కాదు. అట్లే అచ్చటి శాసనముల భాషను అడుగవలెను. అవి బ్రాహ్మీలిపిలో ప్రాకృతభాషలో ఉన్నవి; చివరివి కొన్ని సంస్కృతమునందు కలవు. అది పాత తెలుగు అని చెప్పి బాలురను సంతోషపెట్టువాడు వారికి మేలు చేయుటలేదు. మహాచైత్యమునందు బంగారుపెట్టెలో దొరకిన ధాతుశకలము నేడు ఎచ్చటనున్నదని మూడవ ప్రశ్న అడుగవచ్చును. అది సారనాథునందలి మూలగంధకుటీ విహారమునకు ఇయ్యబడినది.

గైడు దొరకనిచో చరిత్రోపాధ్యాయుడే ముందుగా ఒకసారి పోయి చూచివచ్చుట ఉత్తమము. నలువది మంది పిల్లల గుంపునకు ఒక్క కంఠము వినబడదు. ఇరువదేసి మందిగా విభజించి, ఒక గుంపు మ్యూజియములో నుండగా మరియొకటి స్తూపముచుట్టు తిరుగునట్లు ఏర్పాటు చేయవలెను.

కాలపు లెక్క చూతము. బస్సునకు రానుపోను ఐదారు గంటలు పోవును. విజయపురి సౌతునుండి దీవికి సుమారు పదునొకండు కిలోమీటర్ల జలమార్గము. లాంచిలో రానుపోను గంటన్నరకు తక్కువ కాదు. తిరుగు లాంచి వేళనుబట్టి దీవిలో ఉండవలసినదే గాని మన యిష్టము చెల్లదు. ఇంతలో ఆనకట్టను, ఎత్తిపోతల జలపాతమును, ఆవలిగట్టున తెలంగాణమునందు 2022 మే 14వ తేదీన తెరచిన బుద్ధవనమును చేర్చినచో ఏ యొక్కటియు నిలుకడగా చూచుటకు వీలు చిక్కదు. చంద్రవంక నీరు దుముకు ఎత్తిపోతల మనోహరమైనదే. పిల్లలు దానినే ఎక్కువగా కోరుదురు. వారి ముచ్చట కాదనుటకు మనస్సొప్పదు గాని, దానికి వేరొక దినము కలదు. ఉదయము లాంచి, దీవి, మ్యూజియము, మధ్యాహ్నము భోజనము, పిమ్మట అనుపు: ఇంతకు మించి పెట్టుకొనరాదు.

జలమార్గమున జాగ్రత్త విషయమై ఒక మాట. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిమీద కచ్చులూరువద్ద జరిగిన పడవప్రమాదము ఎవరును మరువలేదు. లైఫ్ జాకెట్టు తొడుగనిదే ఒక్క బిడ్డనైనను లాంచి ఎక్కనీయరాదు. గాలి హెచ్చిన దినమున లాంచి కదలదు. అట్టి దినమున వాదులాడక అనుపులోనే ఎక్కువసేపు గడుపవలెను.

సొమ్ము మాట మరల చెప్పక తప్పదు. ఇన్ని నియమములు పాటింపనిచో ఆ సొమ్మును పాఠశాల గ్రంథాలయమునకు ఇచ్చుటయే మేలని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము. పాటించినచో యాత్ర చేయదగినదే. ఐతే తరగతిలో చెల్లింపలేని విద్యార్థులుందురు. వారిని విడిచి పోవుటకంటె, ప్రతివిద్యార్థినుండియు నెలకు కొంత చొప్పున ఆషాఢమునుండియే కూడబెట్టించుట, చాలనిదానిని పాత విద్యార్థులను అడుగుట మంచిది. మిరపకోతలు ముమ్మరము కాకముందే, డిసెంబరులో, తల్లిదండ్రుల చేతిపనికి అడ్డు రాని దినమున బయలుదేరవలెను. చూచివచ్చినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క రాతినిగూర్చి అరపుట వ్రాసి క్రింది తరగతివారికి చదివి వినిపింపవలెను. బస్సునిండ జరిగిన ముచ్చట్లు ఆ వ్రాతలో చేరనక్కరలేదు.

దినమును నిర్ణయించునపుడు ఒక్క సంగతి చూచుకొనవలెను. దీవిమీది మ్యూజియమునకు శుక్రవారము సెలవు.